తమ్మీ, పన్నెండు స్పీడు డిస్కు తెప్పియ్యకు

మళ్ల గదే ముచ్చట. డాలస్ నుంచి బావ వస్తున్నడంట, సూట్‌కేసుల జాగ ఉన్నదంట, "అన్నా, ఏం తెమ్మనాలె, డెస్ట్రాయరా, బాసా?" అని మెసేజ్. డిస్క్ గోల్ఫ్ (పళ్లెం లాంటి డిస్కును విసిరి దూరంల ఉన్న బాస్కెట్ల వేసే ఆట) మొదలుపెట్టి ఇంకా చెయ్యే తిరగలేదు, అప్పుడే బాస్ డిస్కు కావాలంట. ఇట్ల అడిగేటోళ్లు ఎక్కువైపోయిండ్రు. అందరికీ కలిపి ఇక్కడ రాసి పెడుతున్న. మళ్ల అడిగితే ఇదే పంపుత.

డిస్కు మీద నాలుగు అంకెలుంటయి: స్పీడు, గ్లైడు, టర్ను, ఫేడు. డెస్ట్రాయర్ మీద 12, 5, -1, 3. లెపర్డ్ మీద 6, 5, -2, 1. ఈ రెండు పక్కపక్కన పెడితే మన హనుమకొండ పోరని కన్ను సక్కగా 12 మీదికే పోతది. చిన్నప్పటి సంది కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద నంబర్లు చూసుకుంట పెరిగినం కదా, పెద్ద అంకె కనబడితే అదే గొప్పదనుకుంటం. టర్ను కాడ మైనస్ ఉంటే నెగెటివ్ మార్కు పడ్డట్టే మొఖం పెడతరు. కానీ ఆ మొదటి అంకె డిస్కు నీకు ఇచ్చే జోరు కాదు తమ్మీ, నీ చెయ్యిని అడిగే జోరు. అంత జోరుతోని విడిస్తేనే మిగిలిన మూడంకెలు నిజమైతయి. లేకుంటే అవి రంగు సిరాతోని అచ్చేసిన గీతలే.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల మొన్న చూసిందే చెప్త. ఒక తమ్ముడు కొత్త డెస్ట్రాయర్ పట్టుకొచ్చిండు. నడుము తిప్పి గట్టిగనే విసిరిండు. డిస్కు కొంచెం దూరం సక్కగనే పోయింది. అటెన్క ముక్కు పైకి లేసింది, ఎడమ అంచు కిందికి వాలింది, ఇగ ఆగకుంట ఎడమకు గుంజుకపోయి వాకింగ్ ట్రాక్ పక్కన అంచు మీద నిలువున పడ్డది. పొద్దుగాల నడకకొచ్చిన పెద్దాయన ఒకాయన దాన్ని తీసి అటు ఇటు తిప్పి చూసి, "ఏం బిడ్డా, గిన్నెల మీది మూతలు తెచ్చి ఇసురుతున్నరా?" అన్నడు. తమ్ముడేమో ఎడమకు పోతున్నదని ఇంకా కుడికి చూసి, ఇంకా బలంగ విసురుడు మొదలుపెట్టిండు. నేర్చుకోంగనే పట్టే చెడ్డ అలవాటు ఇదే.

అట్ల ఎందుకైతదంటే, కుడిచేత్తోని బ్యాక్‌హ్యాండు విసిరితే డిస్కు పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతది. మంచి జోరుల ఉన్నంతసేపు గాలి దాని ముక్కును కిందికి వొత్తుతది. జోరు తగ్గి కిందికి దిగేటప్పుడు అదే గాలి ముక్కును పైకి లేపజూస్తది. తిరుగుతున్న వస్తువు కాబట్టి ఆ తోపుడుకు ముక్కు లొంగది, డిస్కు పక్కకు ఒరుగుతది. మొదట్ల కుడికి ఒరుగుడు టర్ను, ఆఖరికి ఎడమకు ఒరుగుడు ఫేడు. జోరు లేని చేతిల నుంచి పోయిన పన్నెండు స్పీడు డిస్కుకు మొదటి భాగం రానే రాదు. చెయ్యి విడవంగనే ఫేడు మొదలైతది. -1 ఉత్తదే, 3 ఒక్కటే మిగులుతది. దానికి తోడు ముక్కు పైకెత్తి విడిస్తే ఇంకా తొందరగ కూలుతది.

అందుకే మైనస్‌ను చూసి భయపడకు. కొత్తోనికి అదే చుట్టం. -2 ఉన్న లెపర్డ్ నెమ్మది చెయ్యికి కూడా కొంచెం కుడికి మెదిలి, మెల్లగ ఎడమకొచ్చి, దాదాపు సక్కగ పోతది. డెస్ట్రాయర్ కంటే దూరం కూడా పోతది, అది నా లెక్కల అసలు విషయం. అందాజగ చెప్పాలంటే అరవై, డెబ్బై మీటర్లు విసిరేటోడు స్పీడు ఏడు దాటొద్దు. తొంభై దాటినంక తొమ్మిది చూడొచ్చు. నూట పది, నూట ఇరవై మీటర్లు పోనీ, అప్పుడు డెస్ట్రాయర్ తెప్పియ్యి, నేనే ఛాయ్ తాగిపిస్త.

గ్లైడు గురించి ఎవ్వడూ అడగడు, అదే బాధ. అది గాలిల ఎంతసేపు తేలుతదో చెప్పే అంకె. ఫైర్‌బర్డ్ 9, 3, 0, 4: గ్లైడు మూడే, ఫేడు నాలుగు. ఎదురుగాలిల పనికొచ్చే మొండి డిస్కు, కొత్తోని చేతిల ఇటుక. అదే గ్లైడు 5 ఉన్నదైతే తక్కువ బలానికి ఎక్కువ దూరం ఇస్తది.

ఇంకో సంగతి. ఈ అంకెలను ఏ ల్యాబూ కొలిచి ఇయ్యదు, ఏ కంపెనీ అంకెలు ఆ కంపెనీ రాసుకుంటది. పీడీజీఏ (ఈ ఆటకు నియమాలు పెట్టే సంస్థ) చూసేది వేరే: వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గొద్దు, అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటొద్దు, సెంటీమీటరు వ్యాసానికి 8.3 గ్రాములు మించొద్దు, ఇసువంటివి. డ్రైవర్లు (దూరం విసిరే డిస్కులు) 175 గ్రాముల కాడ ఆగేది ఆ లెక్కతోనే. డిస్కు ఎట్ల ఎగురుతదో వాళ్లు ధ్రువీకరించరు. నాలుగంకెల పద్ధతి ఇన్నోవా కంపెనీది, మిగిలినోళ్లు తర్వాత పట్టుకున్నరు. డిస్క్‌క్రాఫ్ట్ చాన ఏండ్లు ఒక్క స్టెబిలిటీ అంకెతోనే నడిపింది. అందుకే ఒక కంపెనీ 9, ఇంకో కంపెనీ 9 ఒక్కటే అనుకోకు. ఒకే కంపెనీల ఒకే పేరున్న డిస్కు కూడా ప్లాస్టిక్ మారితే మారుతది. చౌక డీఎక్స్ ప్లాస్టిక్ చెట్లకు తగిలి తగిలి అరిగి కుడికి తిరుగుడు ఎక్కువైతది. ఛాంపియన్ ప్లాస్టిక్ చాన రోజులు మొండిగనే ఉంటది. మాకు బాస్కెట్ లేదు, వేపచెట్టు మొద్దే బాస్కెట్, అందుకే అరుగుడు జల్ది అయితది. (ఖిలా వరంగల్‌ల ఆడుదామన్న మహానుభావునికి ఒక దండం. తోరణాలకు డిస్కులు కొట్టుడేంది నాయనా.)

మన ఎండ సంగతి అంకెలల్ల ఉండదు. మే నెలల 42 డిగ్రీలకు గాలి పల్చబడతది. 15 డిగ్రీల చలిల కంటే ఎనిమిది, తొమ్మిది శాతం తక్కువ సాంద్రత. పల్చటి గాలిల టర్ను తగ్గుతది, ఫేడు తొందరగ వస్తది. ఇంక వాన ముందు ఎదురుగాలి లేస్తే ఉల్టా, డిస్కు కుడికి పడిపోతది. బావ వాళ్ల దిక్కు చలిల ఎగిరినట్టే ఇక్కడ ఎగరాలంటే ఎట్ల? డిస్కులను కారు డిక్కీల వేసి మధ్యాహ్నం ఎండల పెట్టకురి, వంగుతయి.

మరి ఏం తెమ్మనాలె? ఒక ఏవియర్ (2, 3, 0, 1; ఇది పట్టర్, దగ్గరి నుంచి బాస్కెట్ల వేసే డిస్కు), ఒక బజ్ (5, 4, -1, 1), ఒక లెపర్డ్. లెపర్డ్ 150 గ్రాముల దగ్గరిదైతే ఇంకా మంచిది, తేలికది జల్ది జోరందుకుంటది. మూడు చాలు. నెల రోజులు ఏవియర్ ఒక్కటే విసిరినా నష్టం లేదు, పట్టర్ సక్కగ పోతలేదంటే లోపం చెయ్యిల ఉన్నదని అదే చెప్తది.

ఎడమచేతి వాటం వాళ్లకు: అంకెలు అవే, దిక్కులు తిప్పుకోండ్రి. టర్ను ఎడమకు, ఫేడు కుడికి. కుడిచేత్తోని ఫోర్‌హ్యాండు విసిరేటోళ్లకూ అంతే.

ఇగ నన్ను అడిగేటప్పుడు "ఏ డిస్కు మంచిది అన్నా" అని అడగకురి. గ్రౌండ్ల టేపు పట్టి, మీ డిస్కు ఎన్ని మీటర్లు పోతున్నదో, ఆఖరికి ఏ దిక్కుకు వాలుతున్నదో రాసి పంపుర్రి. అప్పుడు చెప్త.