నన్నడగకుండానే నన్ను ట్రెజరర్‌ని చేశారు

పొద్దున లేచి ఫోన్ చూసేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు, దండాలు, పూలగుత్తులు. ఎవరి పుట్టినరోజో అనుకుని పైకి జరిపితే సెక్రటరీ గారి మెసేజ్: "రాత్రి జరిగిన మీటింగ్‌లో 301 తమ్ముడిని కొత్త ట్రెజరర్‌గా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. తను ఎట్లాగూ ఇంట్లోనే ఉంటాడు కాబట్టి అందరికీ వీలుగా ఉంటుంది." 301 అంటే నేను. ఆ మీటింగ్‌కు నన్ను పిలవనేలేదు. ఫోన్ చేసి అడిగితే, "నీకు రాత్రిపూట కాల్స్ ఉంటయి గద తమ్మీ, డిస్టర్బ్ జేసుడెందుకని" అన్నాడు. ఎంత మర్యాదో చూడండి! రాత్రి నాకు పని ఉంటుందని తెలుసు, అందుకే పిలవలేదు. పగలు నాకు పని ఉండదని కూడా తెలుసు, అందుకే ట్రెజరర్‌ని చేశారు. మరి వీడు నిద్రపోయేది ఎప్పుడని ఆ సెల్లార్‌లో కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరికైనా అనుమానం రాలేదు.

ట్రెజరర్ అంటే డబ్బుల లెక్క ఒక్కటే అనుకునేరు. మా దగ్గర ట్రెజరర్ అంటే బోరు ఆగితే మెకానిక్‌ను పిలవాలి, ట్యాంకర్ వస్తే గేటు తీసి నిలబడాలి, లిఫ్ట్‌లో ఎవరైనా ఇరుక్కుంటే తాళంచెవి పట్టుకుని ఉరకాలి, మెయింటెనెన్స్ ఇవ్వనివాళ్ల తలుపు కొట్టి మాటలు పడాలి, గణపతి నవరాత్రులకు చందా రాయించాలి. పోయినేడు చేసినాయన రిటైర్డ్ టీచర్. బీపీ పెరిగిందని మానేశాడు.

ఇది ఇవ్వాళ కొత్తగా మొదలైంది కాదు. బిల్డింగ్‌లో అందరి పార్సిళ్లూ నా గుమ్మం ముందే దిగుతాయి. 202 ఆంటీ తనకొచ్చిన ఓటీపీ నాకు ఫార్వర్డ్ చేస్తుంది, "బిడ్డా, మిక్సీ వస్తది, జరంత తీస్కో" అని. నాలుగో అంతస్తు సారు గ్యాస్ బుక్ చేసి డెలివరీ కోడ్ నాకు పంపించి స్కూలుకు వెళ్లిపోతాడు. సిలిండర్ తెచ్చే అబ్బాయికి నా పేరు తెలియదు, నన్ను "ఇంట్లుండే అన్న" అంటాడు. తెల్లవారుజామున మూడింటికి పడుకుంటాను. ఎనిమిదింటికల్లా బెల్లు. తలుపు తీస్తే ఇరవై ఐదు కేజీల సోనామసూరి బస్తా, పక్కన డెలివరీ అబ్బాయి. "సార్, ఓటీపీ."

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా. నేను హన్మకొండలో కూర్చుని అమెరికా వెస్ట్ కోస్ట్ కంపెనీ ఒకదానికి బ్యాకెండ్ కోడ్ (తెర వెనక సర్వర్‌లో నడిచేది) రాస్తాను. వాళ్ల స్టాండప్ (టీమంతా రోజూ కలిసే చిన్న మీటింగ్) పొద్దున తొమ్మిదిన్నరకు, అంటే మనకు ఎండాకాలమంతా రాత్రి పది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు. అక్కడి నుంచి మార్చి దాకా నాకు పదకొండు. వాళ్లకు ఆ రోజు గంట నిద్ర ఎక్కువ దొరికిందని టీమ్ చాట్ చానెల్‌లో సంబరం. నేను చలికాలమంతా గంట ఆలస్యంగా పడుకుంటాను, పార్సిల్ మాత్రం అదే ఎనిమిదింటికి వస్తుంది.

"అమెరికా కంపెనీ అంటివి, మరి అమెరికా ఎప్పుడు పోతవ్?" అని ప్రతి పెళ్లిలో ఒకరు అడుగుతారు. పోనని చెప్తే జాలిగా చూస్తున్నారని ఇప్పుడు జవాబు మార్చాను. మామునూరు ఎయిర్‌పోర్ట్ తెరవగానే అట్నుంచి అటే పోతానంటున్నాను. నిజాం కాలం నాటి ఆ రన్‌వే మీద మళ్లీ విమానం దిగేలోపు నాకూ పెన్షన్ వయసు వస్తుంది, గొడవ లేదు. (పెన్షన్ కూడా రాదు, కాంట్రాక్టర్‌ని కదా. ఆ కథ కిందకు వస్తుంది.)

పనికి అడ్డం రాకూడదని ఇంట్లో రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టించాను, ఇన్వర్టర్ పెట్టించాను, రౌటర్‌కు విడిగా చిన్న యూపీఎస్. అయినా కోతుల్ని ఎవడు ఆపగలడు? హన్మకొండ వాళ్లకు ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఫైబర్ కేబుల్ అంటే వాటికి ఊయల. ఒకసారి ప్రొడక్షన్ రిలీజ్ (కొత్త కోడ్‌ను అసలు సర్వర్లలోకి ఎక్కించే పని) మధ్యలో, పొద్దుగూకకముందే, కడుపుకి పిల్లను కరిపించుకున్న కోతి ఒకటి ఎదుటి బిల్డింగ్ నుంచి కేబుల్ పట్టుకుని మా బాల్కనీకి వచ్చింది. అది వచ్చింది, లైన్ పోయింది. రెండో కనెక్షన్ కూడా అదే స్తంభం మీది నుంచి వస్తుందని అప్పుడు తెలిసింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మేనేజర్‌కు జరిగింది చెప్తే నమ్మలేదు, ఫోటో తీసి పెట్టాను. ఆ రోజు నుంచి ఎక్కడ సర్వర్ పడినా మా చానెల్‌లో కోతి బొమ్మ పెడతారు. అక్కడ కూర్చున్నవాడు తప్పు స్క్రిప్టు నడిపి డేటాబేస్‌లో టేబుల్ మొత్తం లేపేసినా కోతే. కేబుల్ అతనికి ఫోన్ చేస్తే, "కోతులకు మేమేం జేస్తం సార్, రేపు పొద్దుగాల పోరన్ని పంపిస్త" అన్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం.

సరే, బ్యాంకు సంగతి చెప్పాలి. మొన్న భీమారం వైపు ఒక ఇల్లు నచ్చి హోమ్ లోన్‌కు వెళ్లాను. ఏ బ్యాంకో చెప్పను, నా ఖాతా ఉన్నదే. మేనేజర్ మొదటి ప్రశ్న, "ఫారం 16 ఉందా సార్?" ఫారం 16 ఇచ్చేది మన దగ్గర జీతంలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోసే కంపెనీ. నాకు జీతం లేదు, నెలనెలా నేనే ఇన్‌వాయిస్ పంపాలి. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, మెడలో వేసుకునే ఐడీ కార్డు లేదు. ఉన్నవన్నీ ఫైలులో పెట్టి తీసుకెళ్లాను. ఐటీ రిటర్న్‌లు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఎగుమతి మీద పన్ను కట్టకుండా ఏటేటా పెట్టుకునే ఎల్‌యూటీ, డాలర్లు వచ్చినందుకు రుజువుగా ఇచ్చే ఫైరా కాగితాలు. ఆ ఫైరాలు ఇచ్చింది వాళ్ల బ్యాంకే! డబ్బు వచ్చిన ప్రతిసారీ పర్పస్ కోడ్ అడిగి పీ0802, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ అని రాసుకున్నది వాళ్లే. డాలరు రేటులో తమ ముక్క తాము కోసుకున్నదీ వాళ్లే. ఇప్పుడా కాగితాన్ని దొంగనోటు చూసినట్టు వెలుతురుకు పెట్టి చూసి, "ఇవన్నీ సరే సార్, శాలరీ స్లిప్?" అన్నాడు.

అసలు తమాషా ఇంకా ఉంది. నాలాంటివాళ్లు చాలామంది 44ఏడీఏ సెక్షన్ కింద రిటర్న్ వేస్తారు. నగదు దాదాపు లేకుండా అంతా బ్యాంకులోనే పడితే, ఏడాది రాబడి 75 లక్షల దాకా ఈ వీలుంది. రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టేయొచ్చు, ప్రతి ఖర్చుకూ బిల్లు దాచక్కర్లేదు. అడ్వాన్స్ ట్యాక్స్ కూడా మార్చి 15 లోపు ఒకేసారి. అంతా చట్టంలో రాసి ఉన్నదే. కానీ బ్యాంకు ఆ సగాన్ని పట్టుకుని "మీ ఇన్‌కమ్ ఇంతే కదా సార్" అంటుంది. ఖాతాలో పడ్డ మొత్తం ఆయన కంప్యూటర్‌లోనే కనిపిస్తోంది కదా అంటే, "అది టర్నోవర్ సార్" అన్నాడు. చివరికి ఆయన ఇచ్చిన సలహా వినండి: "మీ నాన్నగారు సింగరేణిలో చేశారన్నారు కదా, పెన్షన్ వస్తుంటే ఆయన పేరు కూడా పెట్టి చూద్దాం." ఆ పెన్షన్ ఎంతో సింగరేణి ఇళ్లల్లో అడగండి, చెప్తారు. పక్క టేబుల్ దగ్గర ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని పిల్లవాడికి చాయ్ తెప్పించారు. వాడి మెడలో ట్యాగు ఉంది.

ఈ ట్యాగు మహిమ ఇంతా అంతా కాదు. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు తెరిచారు. మా చుట్టాలు ఇప్పటికీ నాకు దారి చూపిస్తుంటారు, "మడికొండల కంపెనీలు వచ్చినయట గదరా, అండ్ల జేరరాదు?" అని. ఆ మార్చిలోనే లాక్‌డౌన్ వచ్చింది. హైటెక్ సిటీ మొత్తం పరకాల, నర్సంపేట, తొర్రూరు చేరి వేపచెట్టు కింద నులక మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచింది. పొలం గట్టు మీద సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి నిలబడ్డ పిల్లలను చూసి ఊరు ఊరంతా మురిసిపోయింది. వాళ్లకు అత్తలు చాయ్ అందించారు, మాట్లాడకుండ్రి మీటింగ్ నడుస్తున్నదని చంటిపిల్లల నోళ్లు మూశారు. అప్పుడు కూడా నేను ఇదే గదిలో ఇదే కుర్చీలో ఉన్నాను. నాకెవరూ చాయ్ ఇవ్వలేదు.

డబ్బుల సంగతి ఇప్పుడు ఎత్తను. మా టీమ్‌లో కొలరాడో అతనూ నేనూ ఒకే టికెట్లు, అంటే ఒకే పనుల జాబితా, పంచుకుంటాం, అతనికి వచ్చేది వేరు, నాకు వచ్చేది వేరు. "మీ దగ్గర ఖర్చు తక్కువ కదా" అంటారు. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఊరిని బట్టి జీతం కట్టే పద్ధతిని కనీసం తమ హ్యాండ్‌బుక్‌లో బాహాటంగా రాసుకున్నారు. మావాళ్లు అడిగితే నవ్వి మాట మారుస్తారు. దాని మీద వేరే పోస్టు రాస్తా. ఇప్పుడు నా కడుపుమంట వేరే.

మా మేనత్త కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. నా ఈడువాడే, మంచివాడు, వాడి మీద నాకు ఏ కోపమూ లేదు. వాడు రాసేదీ జావా కోడే, నేను రాసేదీ జావా కోడే. వాడు హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, గ్రీన్ కార్డు లైన్‌లో మనవాళ్ల వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న రోజు నాకే ఫోన్ చేశాడు. అది కొత్త అప్లికేషన్లకే, ఇప్పటికే ఉన్నవాళ్లకు కాదని మర్నాడు తేలేదాకా వాడికి కాళ్లుచేతులు ఆడలేదు. ఇదంతా నాకు తెలుసు, వాడికి తెలుసు. మా ఇంట్లోవాళ్లకు మాత్రం వాడు "డల్లాస్ పిలగాడు".

మా నానమ్మ పోయినప్పుడు వస్తే వీసా స్టాంపింగ్ అవుతుందో లేదో అన్న భయానికి వాడు రాలేకపోయాడు. వాడి తప్పు కాదు. చివరి నెలల్లో ఆమెకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, ఇంటిల్లిపాదిలో మెలకువగా ఉండేది నేనొక్కడినే. కాల్ మ్యూట్‌లో పెట్టి మందు వేసేవాణ్ని, బాత్రూంకు నడిపించేవాణ్ని. మా టీమ్‌లో అందరికీ ఆమె దగ్గు తెలుసు. అంత్యక్రియల రోజు నా చేతికి ఫోన్ ఇచ్చి బావకు వీడియో కాల్ పట్టమన్నారు. పాడె పక్కన నడుస్తూ ఫోన్ పట్టుకున్నాను. వెనకాల ఎవరో పెద్దాయన, "పాపం, అంత దూరంల ఉండి గూడ సూస్తున్నడు, ప్రేమంటే అట్లుండాలె" అన్నాడు. అని నా భుజం తట్టి, "జర పైకి పట్టు బిడ్డా, పిలగానికి కనవడ్తలేదు" అన్నాడు.

పట్టుకున్నాను. ఇంకేం చేస్తాను?

కాంట్రాక్టులో సెలవు అనే మాటే లేదు. పని చేయని రోజుకు ఇన్‌వాయిస్ తగ్గుతుంది, అంతే. అందుకని దినాలయ్యేదాకా డాబా మీద కూర్చుని స్టాండప్‌కు హాజరయ్యాను. పదకొండో రోజు భోజనాల దగ్గర ఒక చుట్టం, "నీకేందిరా, ఇంట్లనే ఉంటివి, అన్ని సూస్కుంటివి" అన్నాడు. మెచ్చుకున్నాడట!

మా బాపు భూపాలపల్లి గనిలో పనిచేశాడు. రాత్రి షిఫ్టు దిగి పొద్దున వచ్చి పడుకుంటే మా అమ్మ క్వార్టర్ కిటికీలకు దుప్పట్లు కట్టేది. "బాపు పండుకున్నడు, సప్పుడు జేస్తే తోలు తీస్త" అని మమ్మల్ని బయటికి తోలేది. పాలాయన కూడా కేక వేయకుండా గిన్నెలో పోసి పోయేవాడు. అదే బాపు ఇప్పుడు పొద్దున నా గది తలుపు కొట్టి, "ఎండ నెత్తికెక్కింది, ఇంకెంతసేపు పంటవ్" అంటాడు. ఆయన లెక్కలో మస్టర్ (గని హాజరు) పడితేనే డ్యూటీ. నా మస్టర్ ఎక్కడుందో నేనేం చూపించను?

అదీ పోనీ. నాకు సంబంధాలు చూస్తున్నారు. పోయినసారి వచ్చినవాళ్లు అబ్బాయి ఆఫీసు ఎక్కడని అడిగితే బాపు ఏం చెప్పాడో తెలుసా? గచ్చిబౌలి. శని, ఆదివారాలు ఇంటికి వస్తాడని కూడా చెప్పాడు. ఇంట్లో ఉంటానంటే ఎవరూ పిల్లనివ్వరట. రేపు శుక్రవారం నర్సంపేట వాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లు ఉన్నంతసేపు నేను బెడ్‌రూంలో గడియ పెట్టుకుని, ఫ్యాన్ కూడా వేసుకోకుండా కూర్చోవాలి. శనివారం పొద్దున పిల్ల అన్నయ్య నన్ను చూడటానికి మళ్లీ వస్తాడు. ఆయన వచ్చే టైంకు నేను భుజానికి బ్యాగు తగిలించుకుని, కాజీపేటలో ట్రైన్ దిగినట్టు ఆటోలో రావాలట. ఆటో పైసలు బాపు ఇందాకే టేబుల్ మీద పెట్టి పోయాడు.