మామూలు జలుబే అంటే ఎలా?

నిన్న లిఫ్ట్‌లో నా పక్కన నిలబడ్డాయన నోటికి ఏమీ అడ్డం పెట్టుకోకుండా గట్టిగా తుమ్మాడు. తుంపర్లు నా ముంజేతి మీద పడ్డాయి. చేత్తో ముక్కు తుడుచుకుని, అదే వేలితో బటన్ నొక్కాడు. ఇదేంటండీ అంటే "మామూలు జలుబేలెండి" అన్నాడు. మీకు మామూలే. కీమోథెరపీ చేయించుకుంటున్న మా అక్కకి? నెలల పసిబిడ్డకి?

కరోనాలో అంతమందిని పోగొట్టుకున్నాం, అప్పుడే మర్చిపోయామా? మాస్కు పెట్టుకుంటే వింతగా చూస్తారు. పిల్లాడి ఒళ్లు కాలిపోతున్నా మాత్ర వేసి బడికి పంపేస్తారు. జ్వరం తగ్గుతుంది సరే, వైరస్ ఎక్కడికి పోతుంది? ఆఫీసులో సెలవు అడిగితే "ఈమాత్రం దానికేనా" అంటారు.

తట్టు సోకిన మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ 2 గంటల దాకా గాలిలో ఉండగలదు. టీకా ఉంది కదా, వేయించడానికేం? "మా పిల్లలకి ఏం కాదులే" అనే ఆ ధీమా ఏంటి?

చేతుల శుభ్రతతో బాలింతల ప్రాణాలు నిలుస్తాయని 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ చూపించాడు. ఇంకా ఎన్నేళ్లు చెప్పాలి? సబ్బుతో 20 సెకన్లు. అంతేగా అడుగుతున్నది!