వివరాలకు లిఫ్టు పక్కన చూడగలరు

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు మొన్న ఆదివారం ఇంటింటికీ ఒక కరపత్రం పంచారు. పైన వినాయకుడు, కింద ఆయన సంతకం, మధ్యలో "దొంగతనాల నివారణకై నివాసితులకు 21 సూచనలు". వినాయకుడికి ఇరవై ఒక్క పత్రి గదా, అందుకని ఇరవై ఒకటి అట. నిజానికి పద్ధెనిమిదికే సరుకైపోయింది. పంతొమ్మిదిలో మెయింటెనెన్సు బకాయిలు, ఇరవైలో కుక్కలు, ఇరవై ఒకటిలో మెట్ల మీద చెప్పుల స్టాండ్లు తీసెయ్యమని హెచ్చరిక.

ఆరో సూచన ఇది: "మీరు ఊరెళ్తున్న సంగతి ఎవరికీ చెప్పకండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి." బంగారం లాంటి మాట. ఏటా సంక్రాంతి ముందు పోలీసులు కూడా ఇదే మొత్తుకుంటారు. ఏడో సూచన: "ఊరెళ్ళేవారు ఫ్లాట్ నంబరు, బయల్దేరే తేదీ, తిరిగొచ్చే తేదీ విధిగా తెలుపవలెను." ఇదీ మంచి మాటే. మా రెండో అంతస్తులో 201, 202 వాళ్ళలాగే ఆరూ ఏడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

ఈ ఏడో సూచన అమలైన తీరు కాస్త తీరిగ్గా చెప్పాలి. మా బిల్డింగులో 64 ఫ్లాట్లు. మా వాట్సాప్ గ్రూపులో 213 మంది. ఆ మిగతావాళ్ళు ఎవరంటారా? అయిదేళ్ళ కిందట ఖాళీ చేసి వెళ్ళిన అద్దెవాళ్ళు, నీళ్ళ ట్యాంకరాయన, ఫిల్టర్లు మార్చే కుర్రాడు, ఇద్దరు రియల్ ఎస్టేట్ బ్రోకర్లు, ఇంకా డీపీలో గులాబీ పువ్వు పెట్టుకుని రోజూ పొద్దున్నే శుభోదయం చెప్పే ఒక నంబరు. ఆ గులాబీ ఎవరో ఎవరికీ తెలీదు. అడగడానికి మొహమాటం. పండక్కీ పబ్బానికీ మర్చిపోకుండా శుభాకాంక్షలు చెప్పే మనిషిని నువ్వెవరని ఎలా అడుగుతాం?

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి సెక్రటరీ గారు గ్రూపులో పిలుపిచ్చారు. "భద్రతా కారణాల దృష్ట్యా, పండక్కి ఊరెళ్ళేవారు కింది జాబితాలో తమ వివరాలు చేర్చగలరు. గోప్యత పాటించగలరు."

మొదట 104 వారు రాశారు. 12 సాయంత్రం బయల్దేరి 18 ఉదయం దిగుతారట. వెంటనే 402 వారు అందుకున్నారు: "మేం 11నే. గౌతమికి కన్ఫర్మ్ అయింది." కన్ఫర్మ్ అనే మాట పడగానే భద్రత సంగతి అందరికీ ఎగిరిపోయింది. ఎప్పుడు బుక్ చేశారు, తత్కాలా, రైల్వేలో తెలిసినవాళ్ళున్నారా అని నలభై మెసేజీలు. 307 వారిది పాపం వెయిటింగ్ లిస్టు. కన్ఫర్మ్ కాకపోతే 12 రాత్రి బస్సుకి, బస్సూ దొరక్కపోతే 13 తెల్లవారుజామున కారులో అని మూడు దార్లూ రాశారు, వచ్చేవాడు ఇబ్బంది పడకూడదని కాబోలు. 501 వారు నొచ్చుకున్నారు. "మా వరస సవరించగలరు. మేం వెళ్ళేది ఊరికి కాదు, అబ్బాయి దగ్గరికి డల్లాస్. ఆరు నెలలు" అని రాసి పక్కన విమానం బొమ్మ పెట్టారు. అభినందనలు వెల్లువెత్తాయి. 203 ఆవిడ ఒక్కరే జాబితాలో ఏమీ రాయలేదు. ఆవిడ లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ చెప్పారు.

మర్నాడు జాబితాకు ఇంకో గడి చేరింది. "తాళంచెవి ఎవరి వద్ద ఉన్నది." గ్యాసు లీకైనా, పంపు కట్టడం మర్చిపోయినా పనికొస్తుందని. 104 వారు నిజాయితీపరులు: "షూ ర్యాక్‌లో కింది అరలో, ఎడమ కాలి పాత బూటులో." రాత్రి పదకొండింటికి గులాబీ పువ్వు నోరు విప్పింది. "బి బ్లాక్ వివరాలు ఇంకా రాలేదు సార్." సెక్రటరీ గారు బి బ్లాకు మీద విరుచుకుపడి, చివర్న "గుర్తు చేసినందుకు ధన్యవాదాలు" అని చేతులు జోడించారు.

గురువారానికల్లా ఆ జాబితా ప్రింటై, లామినేటై, లిఫ్టు పక్కన గోడెక్కింది. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్ళ సౌకర్యార్థం. దొంగ చేతికి తాళాలివ్వడమన్నది పాత సామెత. మేం తాళాలతో పాటు టైం టేబుల్ కూడా ఇచ్చాం, అదీ వానకు తడవకుండా.

మా బావగారిది గుంటూరు. అక్కడి పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక పద్ధతి ఉంది. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్ళే ముందు చెబితే వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టి పోతారు. తాళం వేసిన ఇంట్లో మనిషి కదిలితే కంట్రోల్ రూములో మోగుతుంది. పైసా తీసుకోరు. ఇక్కడ కూడా కనీసం స్టేషన్‌కు వెళ్ళి చెప్పి వస్తే రాత్రి గస్తీవాళ్ళు ఒక చూపు చూస్తారు, ఈ లిస్టేదో గోడకు కాకుండా వాళ్ళకిద్దామని అన్నాను. "స్టేషన్ల చుట్టూ తిరగడం మనలాంటి ఫ్యామిలీలకు బావుండదండీ" అన్నారు సెక్రటరీ గారు.

పదకొండో సూచన ముగ్గు గురించి. గుమ్మం ముందు ముగ్గు లేకపోతే ఇంట్లో ఎవరూ లేరని దొంగ పసిగడతాడు, కాబట్టి ఊరెళ్ళేవాళ్ళు పనిమనిషితో రోజూ ముగ్గు వేయించుకోవాలి. శాస్త్రీయంగానే ఉంది. ఊళ్ళో ఉన్న మేం మాత్రం ఎప్పుడో ఉగాదికి అతికించిన స్టిక్కర్ ముగ్గుతో సరిపెట్టుకుంటాం. దాంతో పోయిన సంక్రాంతికి మా ఫ్లోర్లో ఏ గుమ్మంలో తడారని పిండిముగ్గు, మధ్యలో గొబ్బెమ్మ కనిపిస్తే ఆ ఇంటికి తాళం ఉందని లెక్క. పాలబ్బాయి కూడా ముగ్గు చూసే ప్యాకెట్ వెయ్యకుండా వెళ్ళిపోయేవాడు.

బంగారం లాకర్లో పెట్టమంది నాలుగో సూచన. పెట్టండి, ఇంట్లోకన్నా నయమే. కాకపోతే లాకర్లో సొత్తు దోపిడీ అయితే బ్యాంకు బాధ్యత ఏటా కట్టే అద్దెకు వంద రెట్ల దాకానే అని రిజర్వు బ్యాంకు నిబంధన, 2022 జనవరి నుంచి. రెండు వేల అద్దెకు రెండు లక్షలు. నేటి ధరకు రెండు తులాలు కూడా రావు. ఈ సంగతి సూచనల్లో లేదు. మా ట్రెజరర్ గారు బ్యాంకులోనే రిటైరయ్యారు, ఆయనైనా చెప్పుండాల్సింది. పాపం ఆయన పరిస్థితి వేరు. శ్రావణ మాసంలో ఒక వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు "నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం" అంటే బెడ్‌రూం తలుపేసుకుని రెండు రోజులు కూర్చుని, ఆరు లక్షలు సమర్పించుకున్నారు. 1930కి ఫోన్ చెయ్యాలని మూడో రోజు తెలిసింది. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని నాలుగో రోజు. ఆ దొంగ మా గేటు దగ్గర రిజిస్టర్లో పేరు రాయలేదు, ఆధార్ జిరాక్సు ఇవ్వలేదు, సైకిల్ మీద రాలేదు. కాబట్టి ఇరవై ఒక్క సూచనల్లో వాడికి ఒక్క వాక్యం కూడా లేదు.

కెమెరాలకు కొదవ లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రం ఉండగానే ప్రజా భద్రత చట్టం ఒకటి తెచ్చారు. ఒకేసారి వందమంది పోగయ్యే సంస్థల్లో సీసీ కెమెరాలుండాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి. మా జనరల్ బాడీ మీటింగుకు ఎప్పుడూ పదకొండు మందికి మించి రారు, అయినా 16 కెమెరాలు పెట్టుకున్నాం. అందులో తొమ్మిది పనిచేస్తాయి. వాటి సంగతి చివర్న చెబుతాను.

ముందు తొమ్మిదో సూచన. "అపరిచితులను, ముఖ్యంగా పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవారిని, సోది చెప్పేవారిని, బుడబుక్కల, గంగిరెద్దుల వారిని, ఇతర సంచార జాతులను గేటు లోపలికి రానివ్వరాదు. వీరు పగలు రెక్కీ చేసి రాత్రి దొంగతనాలకు పాల్పడతారు." అదే కాగితం వెనకవైపు అడుగున చిన్న ప్రకటన: "14న సాయంత్రం సెల్లార్లో సంక్రాంతి సంబరాలు. ప్రత్యేక ఆకర్షణ: హరిదాసు, గంగిరెద్దు. ఫొటోలు దిగవచ్చును." మూడు వేలకు మాట్లాడారట. అంటే డబ్బిచ్చి పిలిపించుకున్న ఎద్దు సంప్రదాయం. దానంతటది నడుచుకుంటూ వస్తే రెక్కీ.

ఇది నవ్వి వదిలేద్దామనుకున్నాను. కుదరడం లేదు. 1871లో తెల్లవాడు నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేశాడు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాల మీద ముద్రేశాడు. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ ముద్ర మీద కట్టిన ఊరే. ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టి, పాస్ లేకుండా పొలిమేర దాటనివ్వలేదు, హాజరు వేయించుకున్నారు. 1952లో దేశం ఆ చట్టాన్ని ఎత్తేసింది. మా లిఫ్టు పక్కన ఎత్తెయ్యలేదు. డిగ్రీలు చదివినవాళ్ళం, పిల్లల్ని అమెరికా పంపినవాళ్ళం కూర్చుని, ఒక జాతి జాతినంతా దొంగలని అచ్చేసి, పైన వినాయకుడి బొమ్మ పెట్టి పంచుకున్నాం. ఒక్కరు ఇదేమిటని అడగలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఇలాంటి గ్రూపుల్లోనే తిరిగింది. రంజాన్ నెలలో నాలుగు డబ్బులు అడుక్కుందామని వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని చాంద్రాయణగుట్టలో జనం కొట్టి చంపారు. ఆవిడ ఎవరి పిల్లనూ ఎత్తుకుపోలేదు. ఆ మెసేజీ పంపినవాళ్ళలో ఎంతమంది ఆ రాత్రి నిద్రపోలేదో నాకు తెలీదు గానీ, మర్నాడు శుభోదయాలు మాత్రం మామూలుగానే వచ్చాయి.

ఇక ఆ కెమెరా. తొమ్మిదింటిలో ఒకటి సెల్లార్లో మెట్ల కింద ఉన్న గది గుమ్మం మీదికి తిప్పి ఉంటుంది. ఎనిమిదికి పది అడుగుల గది. పోయిన ఏడాది దాకా మా పాత వాచ్‌మన్, ఆయన భార్య, ఇంటర్ చదివే కూతురు అందులో ఉండేవాళ్ళు. కల్వకుర్తి వైపు మనుషులు. తొమ్మిదిన్నర వేల జీతం, ఇరవై నాలుగ్గంటల డ్యూటీ. గది ముందు నల్లా దగ్గర ఆవిడ బట్టలుతుక్కోవడం, ఆ పిల్ల తలారబెట్టుకోవడం సెక్రటరీ గారి హాల్లో టీవీ మీద రోజంతా కనిపించేది. కాఫీకి వెళ్ళినవాళ్ళందరం చూశాం. కట్టెయ్యమని ఒక్కరం అనలేదు.

మే నెలలో 305 ఆవిడ మూడు తులాల చైను పోయింది. వాచ్‌మన్ భార్య ఆ ఇంట్లో అంట్లు తోమేది. ఇంకేం కావాలి? స్టేషన్‌కు వెళ్ళడం బావుండదన్న సెక్రటరీ గారే దగ్గరుండి కేసు పెట్టించారు. మొగుడూ పెళ్ళాన్నిద్దరినీ స్టేషన్‌కు పిలిచారు. ఆయన్ని రెండు రోజులు కూర్చోబెట్టారు. మూడో రోజు తిరిగొచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా, మిగిలిన నెల జీతం కూడా అడక్కుండా ఒక ఆటోలో సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ పిల్ల పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాల్కనీలు నిండా జనం.

దసరాకు 305 వారు బొమ్మల కొలువు పెట్టారు. అటక మీది పెట్టె దించి, చుట్టిన చీరముక్కలు విప్పి, శెట్టిగారి బొమ్మను తుడుద్దామని తిరగేస్తే లోపల గలగలమంది. బోలు బొమ్మ. చైను అందులో ఉంది. అంతకు ముందటి ఏడాది కరపత్రంలో పద్నాలుగో సూచన, "నగలను దొంగలు ఊహించని చోట దాచండి" అన్నది, ఆవిడ అక్షరాలా పాటించారు. ఎంత బాగా పాటించారంటే తనక్కూడా ఊహకందలేదు.

ఆ రాత్రి గ్రూపులో "చైను దొరికింది, అంతా బాబా దయ" అని వచ్చింది. చేతులు జోడించిన బొమ్మలు నలభై ఏడు. నేను లెక్కపెట్టాను. అందులో ఒకటి నాది.

కల్వకుర్తి వైపు ఆ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని మర్నాడు అడిగాను. ఎవరి దగ్గరా లేదు. 213 మంది ఉన్న గ్రూపులో వాచ్‌మన్‌ను ఎవరూ చేర్చలేదు మరి. కొత్తగా వచ్చినాయన దగ్గర ఆధార్ జిరాక్సులు మూడు, ఫొటోలు ఆరు తీసుకున్నారు. కెమెరా అక్కడే ఉంది.

ఈసారి జాబితాలో నేనేమీ రాయలేదు. సెక్రటరీ గారు ఫోన్ మీద ఫోన్ చేశారు, ఎత్తలేదు. శనివారం కిందికి దిగితే లామినేషన్ పైన ఒక తెల్ల కాగితం ముక్క అంటించి, స్కెచ్ పెన్నుతో నా వరస ఆయనే నింపి ఉన్నారు. "406: ఊళ్ళోనే ఉంటారు. ఒక్కరే. పది తర్వాత నిద్రమాత్ర వేసుకుంటారు." కింద ఎవరో పెన్సిల్‌తో చిన్న గులాబీ పువ్వు గీశారు.