బ్రాకెట్లో ఉన్న అంకె

నిన్న రాత్రి మా షేర్ల గ్రూపులో ఒకన్న మళ్లీ పెట్టాడు: "నెట్ ప్రాఫిట్ 40 శాతం పెరిగింది, కళ్లు మూసుకుని కొనేయండి." కింద వరసగా దండాల బొమ్మలు. కళ్లు మూసుకునే కదన్నా అందరం మునుగుతోంది!

2022లో నేనూ అలాగే కొన్నా. పేరెందుకులెండి, ఓ చిన్న కంపెనీ. అమ్మకాలు 212 కోట్లు, లాభం 19 కోట్లు. యాన్యువల్ రిపోర్టు డౌన్‌లోడ్ కూడా చేశా. ఛైర్మన్ గారి ఉత్తరం, మొక్కలు నాటుతున్న ఫోటోలు చూసి బావుందనుకుని మూసేశా. లోపల క్యాష్ ఫ్లో పేజీలో, వ్యాపారం మీద వచ్చిన నగదు దగ్గర (31) అని ఉంది. అంకె బ్రాకెట్లో ఉంటే మైనస్ అని, అంటే 31 కోట్లు రాకపోగా బయటికే పోయాయని, నాకప్పటికి తెలీదు. నవ్వకండి. బీటెక్‌లో ఇంటిగ్రేషన్ నేర్పారు గానీ ఇది నేర్పలేదు.

ఏడాది తిరిగేసరికి షేరు మూడో వంతుకు పడిపోయింది. తెనాలి వెళ్లినప్పుడు నాన్నకి చెప్పుకున్నా. ఆయన ముప్పయ్యేళ్లు ఎరువుల కొట్టు నడిపాడు. బ్యాలెన్స్ షీట్ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అంతా విని ఒకటే అడిగాడు: "లాభం సరేరా, డబ్బులు చేతికొచ్చినయ్యా?"

రైతులు సంక్రాంతికి ధాన్యం అమ్మి ఇస్తామని అరువు మీద తీసుకెళ్లేవాళ్లు. బస్తా గడప దాటిన రోజే ఖాతా పుస్తకంలో అమ్మకం పడుతుంది, లాభమూ పడుతుంది. గల్లాపెట్టెలో మాత్రం చిల్లర. కంపెనీ లెక్కా అచ్చం ఇంతే. నా కంపెనీకి ట్రేడ్ రిసీవబుల్స్, అంటే వసూలు కావాల్సిన బాకీలు, 140 కోట్లు. దాదాపు ఎనిమిది నెలల అమ్మకం జనం దగ్గరే ఉండిపోయింది. అంతకుముందు ఏడాది అది 80 కోట్లే. లాభం పెరిగిందా, అరువు పెరిగిందా?

రెండేళ్లు దాటిన బాకీల పక్కన నాన్న ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేవాడు. వాటిని ఆస్తి కింద లెక్కేసుకునేవాడు కాదు. ఇప్పుడు కంపెనీలూ ఆ పట్టిక ఇచ్చి తీరాలి. 2021 ఏప్రిల్ నుంచి రిసీవబుల్స్ నోట్‌లో, అంటే రిపోర్టు వెనక బాకీల వివరాలిచ్చే చోట, ఆరు నెలల్లోపు ఎంత, ఏడాదిలోపు ఎంత, మూడేళ్లు దాటింది ఎంత అని విడివిడిగా చూపాలని రూల్. అంటే ఎర్ర గీత ఎక్కడ గీయాలో వాళ్లే చూపిస్తున్నారు. మనం ఆ పేజీ దాకా వెళితేగా!

"మరి సత్యం కంప్యూటర్స్ మోసం సంగతేంటి? అక్కడ బ్యాంకులో నగదు కనబడుతూనే ఉందిగా" అంటారని తెలుసు. నిజమే. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. 2008 సెప్టెంబర్ త్రైమాసికంలో 24 శాతం మార్జిన్, అంటే అమ్మకాల్లో మిగిలే లాభం, చూపించారు. ఉన్నది 3 శాతం. బ్యాంకు బ్యాలెన్సే అబద్ధమైతే ఇంట్లో కూర్చున్న మనం పట్టుకోలేం, అది ఆడిటర్ చూసుకోవాల్సిన పని. కానీ మూడు వారాల ముందు, డిసెంబర్ 16న, 160 కోట్ల డాలర్లు పెట్టి రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలు కొంటామన్నప్పుడు అది అందరి కళ్లెదుటే జరిగింది. ఇన్వెస్టర్లు గోల చేస్తే గంటల్లో వెనక్కి తగ్గారు. అందుకే రిలేటెడ్ పార్టీ నోట్, అంటే యజమానుల సొంతవాళ్లతో కంపెనీ జరిపిన లావాదేవీల పట్టిక, నేను అస్సలు వదలను. కంపెనీ డబ్బు ప్రమోటర్ బావమరిది కంపెనీకి అప్పుగా వెళ్లిందా? మన ఊళ్లో అయితే ఈ విషయం ఒక్క పూటలో కూపీ లాగేస్తాం.

నన్నడిగితే రిపోర్టు వెనక నుంచి చదవాలి. ముందు ఆడిటర్ రిపోర్టులో "క్వాలిఫైడ్" అన్న మాట ఉందేమో చూడాలి. మనకి క్వాలిఫైడ్ అంటే పాసైనట్టు, అక్కడ మాత్రం అభ్యంతరం ఉందని అర్థం! తర్వాత క్యాష్ ఫ్లో, నోట్స్. ఛైర్మన్ ఉత్తరం ఓపికుంటే ఆఖర్న. మూడు, నాలుగేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటే మరీ మంచిది. ఒక్క ఏడాదిది చూస్తే ఏదైనా అందంగానే ఉంటుంది.

మొన్న ఆ కంపెనీ బాకీల్లో పెద్ద ముక్క రద్దు చేసింది. నాన్నకి చెప్తే, "ఆలస్యంగా గీశారు గీత" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా.

గ్రూపులో పోస్టు పెట్టిన అన్నా, లాభం స్క్రీన్‌షాట్ చూశాం. రిసీవబుల్స్ నోట్ ఉన్న పేజీ కూడా ఫోటో తీసి పెట్టు.