కాళ్ల కింద సామ్రాజ్యం

భీమవరం, అమలాపురం వైపు కొత్తగా కట్టిన ఇళ్లలో ఈమధ్య సోఫా ముందు ఒక మెత్తటి దిమ్మ వెలుస్తోంది. షాపువాళ్లు దాన్ని ‘ఆటోమాన్’ అంటున్నారు. ‘ఆటోమేటిగ్గా ఏం చేస్తుందండీ?’ అని అడిగేవాళ్లూ లేకపోలేదు. ఏమీ చెయ్యదండీ. కాళ్లు పెడితే మోస్తుంది, అంతే.

అసలు పేరు ఒట్టోమన్. అల్లాటప్పా వంశం కాదు. 1299 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో ఉన్న అనతోలియాలో రాజ్యానికి పునాది వేసిన ఉస్మాన్ పేరే ఇటలీ, ఫ్రాన్సుల నోళ్లలో నలిగి అలా తయారైంది. ఆయన వారసులు 1529లో ఒకసారి, 1683లో ఒకసారి వియన్నాను ముట్టడించారు, దక్కలేదు. తర్వాత 18వ శతాబ్దంలో యూరప్ వాళ్లు టర్కీ ఇళ్లలో గోడవార వేసుకునే దిండ్ల ఆసనం మీద మోజుపడి పట్టుకుపోయారు. పోనీ దానిమీద కూచున్నారా అంటే, కొన్నాళ్లకి కాళ్ల కిందికి దించారు. యుద్ధంలో ఓడించినా ఇంత అవమానం ఉండేది కాదు. 1922లో సుల్తాను పదవి పోయింది, దిమ్మ మిగిలింది.

ఉస్మానియా అన్నా ఆ పేరే. 1918లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన పేరిట పెట్టిన విశ్వవిద్యాలయం. 1931లో ఆయన ఆ ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా కూతుర్ని కోడలిగా కూడా తెచ్చుకున్నాడు. అంటే అక్కడ చదివొచ్చిన మన అబ్బాయి పట్టాకీ, వాడి హాల్లో దిమ్మకీ చుట్టరికం. ఒకటి గోడెక్కింది, ఒకటి కాళ్ల కింద పడింది.

అయితే గోదావరి జిల్లాలవాళ్లం మర్యాదస్తులం. మావగారు హాల్లో ఉండగా కోడలు దానిమీద కాలు పెట్టదు. వీధిలోంచి ఎవరైనా వస్తే మావగారే కాళ్లు దించేసుకుంటారు. ప్లాస్టిక్ కవరు తీస్తే మాసిపోతుందని అదీ తియ్యం. కాబట్టి దానిమీద పేపరు, రిమోటు, వేసవిలో మాగాయ ముక్కల పళ్లెం. పెళ్లిచూపుల్లో కుర్చీలు చాలకపోతే పిల్లాడి బాబాయిగారు దర్జాగా దానిమీదే కూచుంటారు. యూరప్ దించేసిన ఆసనాన్ని తిరిగి నిలబెట్టింది కోనసీమే. టర్కీ ప్రభుత్వం కనీసం ఒక ఉత్తరం ముక్కైనా రాయలేదు.

ఇంగ్లీషువాళ్లకి ఇలాంటి మెత్తకి ఇంకో మాట ఉంది, హాసక్. చర్చిలో మోకాళ్ల కింద వేసుకుంటారు. పూర్వం ఆ మాటకి ముతకగడ్డి దుబ్బు అని అర్థం. తుంగ దుబ్బులు మన కాలవల్లో బోలెడు. మనం చాపలల్లుకున్నాం తప్ప అవి ఫర్నిచరని తెలుసుకోలేదు. ఏటా కాలవల బాగుచేత పేరుతో ఎన్ని సోఫా సెట్లు కోసి గట్టుమీద పారేస్తున్నారో ప్రభుత్వం వెంటనే లెక్క తేల్చాలి.