బోరు 240 అడుగుల దగ్గర ఆగిపోయింది

బోరు 240 అడుగులు దిగింది. ఇంకా తెల్లటి దుమ్మే లేస్తోంది. బోరుబండి ఆయన మిషను ఆపి, ఇంకో యాభై అడుగులు వేయాలా వద్దా తొందరగా చెప్పమన్నాడు. రైతు పెళ్లాం వైపు చూశాడు. ఆమె చెయ్యి మెడలోని సరం మీదికి పోయింది.

అంతే. ఫైలు అయిపోయింది. తర్వాతి ఫైలు లేదు.

రెండేళ్లయింది. ఆ బోరులో నీళ్లు పడ్డాయో లేదో నాకింకా తెలీదు.

ఆ నవల మా అనంతపురం జిల్లా రచయితది. పుస్తకం మా ఇంట్లోనే ఉంది, బీరువాలో పై నుంచి రెండో అరలో. అట్ట మూల కొంచెం మడత పడింది, తడిమి గుర్తుపట్టగలను. చదవలేను. ఒక డిగ్రీ అమ్మాయి ఫోన్లో రికార్డు చేసి పంపేది. పదకొండు ఫైళ్లు పంపింది, ఆ తర్వాత పరీక్షలొచ్చాయి, ఆ తర్వాత పెళ్లి కుదిరింది. ఆ పాపను ఒక్క మాట కూడా అనలేను. ఏడో ఫైల్లో ముసలాయన చనిపోయే చోట వెనక నుంచి కుక్కరు విజిల్ వేస్తుంది. ఆ పిల్ల "అమ్మా, కట్టెయ్‌మా" అని గట్టిగా అరిచి, మళ్లీ అదే వాక్యం మొదటి నుంచి, అంతే బాధతో చదువుతుంది. ఎన్నిసార్లు విన్నానో ఆ ముక్క.

నా కోపం ఆమె మీద కాదు. ఒక డిగ్రీ పిల్ల తీరిక మీద నా చదువు మొత్తం ఆధారపడాల్సి రావడం మీద.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోజా. మా అమ్మానాన్నలది మేనరికం. దగ్గరి సంబంధాల్లో ఈ జబ్బు ఎక్కువగా బయటపడుతుందని డాక్టరు చెప్పేదాకా మా ఇంట్లో దాని పేరు రేచీకటే. ఎనిమిదో తరగతిలో పొద్దుగూకితే సైకిలు తొక్కలేకపోయేవాణ్ని. ఇరవై ఎనిమిదికి పేపర్లో హెడ్డింగులు మాత్రం కనిపించేవి. ముప్పై రెండుకు అవీ పోయాయి. బ్యాంకులో పని చేస్తున్నాను, కంప్యూటరు నాకు చదివి చెప్తుంది, జీతం వస్తోంది. జాలిపడేవాళ్లు దయచేసి వేరే పోస్టుకు వెళ్లండి. నాకు తక్కువైంది కథలే.

"మీకు బ్రెయిలీ ఉంది కదా సార్?" అంటారు. ప్రతి జనవరి 4న, లూయీ బ్రెయిలీ పుట్టినరోజున, ఎవరో ఒకరు పిలిచి స్టేజీ ఎక్కిస్తారు. శాలువా, రెండు అరటిపండ్లు, నల్లకళ్లజోడు, ఫొటో. కళ్లజోడు ఇప్పటికి తొమ్మిది జతలు పోగయ్యాయి. బ్రెయిలీని తక్కువ చేసి మాట్లాడటం లేదు. చిన్నప్పుడే చూపు పోయిన పిల్లలకు అది లేకపోతే ఏ అక్షరం కింద ఏ ఒత్తు ఉందో తెలీదు, లెక్కలు అసలే రావు. కానీ ముప్పై దాటాక చూపు పోయినవాడి వేళ్లు ఆ ఆరు చుక్కల్ని పట్టుకోవడం మాటలు కాదు. ఆరు నెలలు కూర్చున్నాను. ఒక్క పేజీకి అరగంట. సుగర్‌తో, నీటికాసులతో పెద్దవయసులో చూపు పోగొట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది లేరు! వాళ్లందరికీ దారి చెవి ఒక్కటే.

అసలు ఈ ఆడియో పుస్తకం అనేది మా కోసం పుట్టిన వస్తువు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1934లో చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలను గ్రామఫోను రికార్డుల మీద చదివించింది. ఏడాదికి బ్రిటన్‌లోనూ మొదలైంది. ఎక్కువసేపు తిరిగే ఎల్పీ రికార్డు మామూలు జనానికి కొట్లలో దొరికింది 1948లో. అంటే 14 ఏళ్ల ముందే అది మా చేతికి వచ్చింది. ఇప్పుడేమో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే వాకింగ్ చేసే ప్రతివాడి చెవిలో ఒక నవల నడుస్తోంది. సంతోషమే. మొన్న నేనూ ఒక ఆడియో యాప్‌కు డబ్బు కట్టాను. తెరిస్తే ఫోను ఏం చదివిందో తెలుసా? "లేబుల్ లేని బటన్. లేబుల్ లేని బటన్. లేబుల్ లేని బటన్." ఏది ప్లే, ఏది స్టాప్, ఏది డబ్బు కట్టేదో దేవుడికే తెలియాలి. ఒకటి నొక్కితే ఏడాది ప్లాను రెన్యువల్ అయింది.

సరే, మాకంటూ లైబ్రరీ లేదా? ఉంది. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్‌లో తెరిచారు. సర్టిఫికెట్ చూపించి సభ్యుడినయ్యాను. మంచి పని, చేసినవాళ్లకు దండం. అక్కడ డైసీ అనే పద్ధతిలో పుస్తకాలుంటాయి. మామూలు ఎంపీ3లో తొమ్మిది గంటల నవల అంటే పాత టేపురికార్డరు లెక్కే. మధ్యలో ఫోనొస్తే ఎక్కడున్నావో పోతుంది, మళ్లీ వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ వెతుక్కోవాలి. డైసీలో అధ్యాయానికి అధ్యాయం, పేజీకి పేజీ దూకొచ్చు, మీరు పుస్తకం తిరగేసినట్టే. కానీ నా సీమ కథలు, నాకు కావలసినవి, పేరు పేరునా వెతికితే ఖాళీ చేతులతో బయటికొస్తున్నాను. లైబ్రరీ తప్పేముంది? ఇక్కడి నుంచి ఎవరైనా ఇస్తే కదా అక్కడ ఉండేది.

ఇచ్చేవాళ్లు లేరా అంటే, వాళ్లూ ఉన్నారు. "సార్, మా గొంతు ఇస్తాం" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఏం చదువుతారప్పా అంటే గ్రూప్-2 మెటీరియల్, లేకపోతే భగవద్గీత. చూపు లేనోడు పరీక్ష అన్నా రాయాల, మోక్షం అన్నా చూసుకోవాల, మధ్యలో వానికి కథలెందుకు అని కాబోలు. ఒకాయన నాతోనే అన్నాడు, "నవలలు టైంపాస్ కదా సార్" అని. నీకు టైంపాస్ కావచ్చు స్వామీ, నాకు టైమే పాస్ కావడం లేదు.

ఇంకో సంగతి. అందరూ మొదటి అధ్యాయాన్ని చాలా ఉత్సాహంగా చదువుతారు. గొంతు సవరించుకుని, పాత్రపాత్రకూ గొంతు మార్చి, అబ్బో. మూడో అధ్యాయానికి వేగం పెరుగుతుంది. ఆరోదానికి "కొంచెం బిజీ సార్". నా ఫోన్లో పదిహేడు నవలల మొదటి అధ్యాయాలున్నాయి. పెళ్లిచూపులు పదిహేడు అయ్యాయి, పెళ్లి ఒక్కటీ కాలేదు.

యాస గురించీ చెప్పాలి. ఒకాయన, మంచి గొంతు, డబ్బింగ్ చెప్పినవాడట, మా సీమ కథ ఒకటి చదివాడు. "యాడికి పోతాండావప్పా" అన్న మాటను ఆయన చదివిన తీరు వింటే, నాటకంలో పల్లెటూరి హాస్యపాత్ర వచ్చినట్టుంది. కథలో ఆ మాట అడిగింది ఊరొదిలి బెంగళూరు పోతున్న కొడుకును తండ్రి. నవ్వు రావాల్సిన చోటు కాదది. దానికంటే కుక్కరు విజిల్ నయం.

ఇంట్లో చదివించుకోవచ్చు కదా అంటారు. మా పాప ఇంటర్. అడిగితే కాదనదు, పాపం, కళ్లు మూతలు పడుతున్నా చదువుతుంది. కానీ ఒక నవలలో భార్యాభర్తల సన్నివేశం వచ్చింది. పాప ఒక్క క్షణం ఆగి, గబగబా పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాతి పేరాలో తెల్లారింది. నేనూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను, ఆమే ఏమీ ఎరగనట్టు చదివింది. చదువుకోవడం అంటే నా మట్టుకు తలుపేసుకుని ఒక్కడే చదువుకోవడం. అది ఇంకొకరి నోటితో జరగదు.

కాబట్టి నేనిప్పుడు గొంతులు అడగడం మానేశాను. ఫైలు అడుగుతున్నాను. టెక్స్ట్ ఫైలు ఇవ్వండి చాలు, నా ఫోనే చదువుకుంటుంది. దాని గొంతు గొప్పగా ఏమీ ఉండదు, ఏడుపూ నవ్వూ ఒకే తీరుగా చదువుతుంది. కానీ పన్నెండో అధ్యాయం దగ్గర దానికి పెళ్లి కుదరదు.

ఇక్కడే అసలు కడుపుమంట. ఈరోజు అచ్చయ్యే ప్రతి తెలుగు పుస్తకమూ ముందు కంప్యూటర్లో టైపయిందే. కానీ మన డీటీపీ లోకం, అంటే పుస్తకాల పేజీలు కంప్యూటర్లో కూర్చేవాళ్లు, చాలాకాలం అను అనే ఫాంట్ల మీద నడిచింది. అను ఫాంట్‌లో టైపు చేసింది కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. నా ఫోనుకు ఇస్తే "ఎస్, డాలర్, కె, పర్సెంట్, క్యాపిటల్ ఓ" అని గంభీరంగా చదువుతుంది. ఒకసారి మా రచయిత మిత్రుడు ప్రేమగా తన కథల సంపుటి ఫైలు పంపితే, అది వినడానికి సోది చెప్పినట్టుంది. అదే యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనుకైనా తెలుగు తెలుగుగానే తెలిసే పద్ధతిలో, ఉంటే చక్కగా పలుకుతుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్టర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. అక్కడక్కడా ఒత్తులు చెదురుతాయి, ఒకరు కూర్చుని ఒకటి రెండు రోజులు సరిచేస్తే అయిపోతుంది.

అది లేక ఏం చేస్తున్నానంటే, పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీయించి గూగుల్ లెన్స్‌తో చదివించుకుంటున్నాను. అది పకారాన్ని వకారం చేస్తుంది. "వంట ఎండిపోయింది" అంది ఒకరోజు. పొయ్యి మీద మాడిపోయిందేమో అనుకుని రెండు పేజీలు ముందుకు పోయాక తెలిసింది, ఎండింది బుడ్డల పంట, అదే వేరుశనగ, అని. పాత పుస్తకాలు వేలకు వేలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు, కానీ అవి చాలావరకు బొమ్మలే. తెలుగు వికీసోర్స్‌లో కొందరు పుణ్యాత్ములు అక్షరం అక్షరం టైపు చేసి దిద్దిపెడుతున్నారు. ఆ పేజీలు మాత్రం నేను ఒక్కణ్నే, ఎవరినీ బతిమాలకుండా చదువుకుంటున్నాను.

కాపీరైట్ అడ్డం వస్తుందని కొందరు పబ్లిషర్లు అంటారు. రాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. మామూలు అచ్చు చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లకు పనికొచ్చే రూపంలోకి మార్చుకోవచ్చు, లాభానికి అమ్ముకోకుండా, బయటి మార్కెట్లోకి పోకుండా చూసుకుంటే చాలు అని 52వ సెక్షన్‌లోనే రాసుంది. 2013లో మొరాకో దేశంలోని మరాకేష్‌లో ఇదే విషయం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే, మరుసటేడాది దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ప్రపంచంలో మొదటి ఆమోదం మాది అని గర్వపడాలా, నా బీరువాలోని పుస్తకం నాకే అందడం లేదని ఏడవాలా?

నవల పబ్లిషర్‌కు ఫోన్ చేశాను. "ఫైలిస్తే రేపు వాట్సాప్‌లో తిరుగుతుంది సార్" అన్నాడు. పుస్తకం వచ్చిన నెలకే దాని పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగింది, నాకే ముగ్గురు పంపారు. దొంగకు దొరుకుతోంది, అడుక్కునేవాడికి దొరకడం లేదు. చివరికి ఆయన డీటీపీ చేసినాయన నంబరిచ్చాడు. డీటీపీ ఆయన నయం. "పాత సీడీలో ఉండాల సార్, ఎతికి చెప్తా" అన్నాడు. ఎనిమిది నెలలయింది, సీడీ ఇంకా దొరకలేదు.

దగ్గర్లోని ఒక గ్రంథాలయానికీ వెళ్లాను. చూపు లేనివాళ్ల కోసం ఒక కంప్యూటర్, హెడ్‌ఫోన్లు వచ్చాయట. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. తాళం ఉన్నాయన సెలవు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సు అని నా దగ్గరా వసూలు చేస్తారు, చూపు లేదని ఒక్క పైసా తగ్గించరు. గ్రంథాలయాల కోసం జీవితమంతా తిరిగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు మన కర్నూలులో పుట్టినాయనే. జయంతికి దండ వేస్తారు. దండ వేసే రోజైనా ఆ గది తాళం తీస్తే బాగుండు.

సీమలో పుస్తకాలు వేసుకున్న రచయితలు చాలామంది నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు. మీ డీటీపీ ఆయనకు ఒక్క ఫోన్ చేయండి. అను అయినా పర్వాలేదు, మార్చుకునే తిప్పలు నేను పడతాను. కొత్త పుస్తకం అయితే టైపు చేసేటప్పుడే యూనికోడ్‌లో చేయమనండి. మెసెంజర్లో పంపండి, నేను ఇంకొకరికి దాటించను, కావాలంటే కాగితం రాసిస్తాను.

ఇక ఆ నవల మీ ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, పేరు విడిగా మెసేజ్ పెడతాను. 112వ పేజీ నుంచి చదివి పంపండి. కుక్కరు మోగినా పర్వాలేదు. నీళ్లు పడ్డాయో లేదో మాత్రం కామెంట్లో రాయొద్దు.