ఏ ఇమ్జార్?

మాల్టా దేశం మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ నగరమే దానికన్నా పెద్దది. "ఇంత చిన్న దేశంలో తప్పిపోదామన్నా చోటుండదు" అని విమానంలోనే మా ఆవిడకు హామీ ఇచ్చాను. ఆ హామీ ఒక్క రాత్రి బతికింది.

రెండో రోజు గోజోకి ప్రయాణం. మాల్టా అనే పెద్ద దీవి పక్కన, అదే దేశంలో ఉన్న చిన్న దీవి అది. ఫెర్రీ చిర్కెవ్వాకీ ఇమ్జార్‌కీ మధ్య తిరుగుతుందని ముందురోజు రాత్రి చదివాను. ఏది ఏ ఒడ్డున ఉందో మాత్రం చదవలేదు. ఆలోపే నిద్రొచ్చింది.

పొద్దున్నే రాజధాని వలెట్టా కోట గుమ్మం బయట, ట్రైటన్ ఫౌంటెన్ దగ్గరున్న బస్టాండుకి చేరాం. ఒక బస్సు ఆగే ఊళ్ళ పట్టికలో ఇమ్జార్ కనిపించింది. మాల్టా భాష అరబ్బీకి చుట్టం, రాసేది మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో. జీ మీద చుక్క పెడితే 'జ' అని పలకాలి. ఆ చుక్క సంగతి తెలిసినందుకే నాకు సగం దేశం తెలిసిపోయినట్టు అనిపించింది. మిగతా సగం తర్కంతో లాగేశాను. బస్సు సముద్రం మీద నడవదు. ఈ బస్సు ఇమ్జార్ వెళ్తోంది. కాబట్టి ఇమ్జార్ ఈ ఒడ్డునే ఉంది. ఫెర్రీ అక్కడే ఎక్కాలి.

"డ్రైవర్ని ఒక్క మాట అడగండి" అంది మా ఆవిడ.

"పట్టికలో అంత స్పష్టంగా రాసుంటే అడగడమెందుకు?"

టికెట్ కొన్న దగ్గర్నుంచి రెండు గంటలు చెల్లుతుంది, మధ్యలో ఎన్ని బస్సులైనా మారొచ్చు. ఈ సంగతీ నేనే చెప్పాను, నేనే మురిసిపోయాను.

బస్సు వలెట్టా దాటింది, మోస్తా దాటింది. రాతి గోడల మధ్య పొలాలు మొదలయ్యాయి. సముద్రం దగ్గరపడుతుందని చూస్తుంటే దూరమవుతోంది. "ఓడరేవుకి పొలాల మీదుగా వెళ్తారా?" అని ఆవిడ అడిగింది. "అడ్డదారి" అన్నాను.

ఇమ్జార్‌లో దిగాం. ఓ చర్చి, దాని ముందు ఖాళీ జాగా, ఒక హోటలు, నీడలో పడుకున్న పిల్లి. ఓడ లేదు సరికదా, కనీసం చేపల వాసన కూడా లేదు. హోటలు బయట కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాను: "హార్బర్ ఎటండీ?"

ఆయన చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. నింపాదిగా నవ్వాడు. హార్బరున్న ఇమ్జార్ గోజోలో ఉందట. ఇది మాల్టా ఇమ్జార్. ఒకే దేశం, ఒకే పేరు, రెండు దీవులు. మనకి మాత్రం జిల్లాకి నాలుగు కొత్తపల్లులు లేవూ! కానీ కొత్తపల్లి వెళ్ళేవాడు ఏ కొత్తపల్లో అడక్కుండా బస్సెక్కడు.

వచ్చినందుకు చర్చి చూసి వెళ్ళమన్నాడాయన. గోపురం అచ్చం గుడ్డులా ఉంది. 1912లో మొదలుపెట్టిన ఈ చర్చికి ఊళ్ళో రైతులు కోళ్ళూ గుడ్లూ అమ్మి డబ్బు కూడబెట్టారట.

మా ఆవిడ గోపురం వంక చూసి, తర్వాత నా వంక చూసింది. "వాళ్ళు గుడ్లమ్మి ఇంత గుడి కట్టారు. మీరు ఉన్న రెండు గుడ్లూ తెరిచి ఒక మ్యాపు చూడలేకపోయారు."

చిర్కెవ్వాకి వేరే బస్సుంది. స్టాపులో నిలబడ్డాం. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. స్టాపులో నిలబడితే సరిపోదు, చెయ్యి చాపాలట! 'చెయ్యి ఎత్తిన చోట బస్సు ఆపబడును' అని రాసుకున్న బస్సుల్లో పెరిగినవాణ్ణి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. తర్వాతి బస్సుకి రెండు చేతులూ ఊపాను, మునిగిపోయేవాడిలా. డ్రైవరు కంగారుపడ్డాడు. ఎక్కి టికెట్ చూపిస్తే యంత్రం ఒప్పుకోలేదు. రెండు గంటలు దాటి నాలుగు నిమిషాలైంది. మళ్ళీ కొన్నాం.

చిర్కెవ్వాలో ఓడ ఉంది. సముద్రమూ ఉంది. పైగా టికెట్ ఎవరూ అడగలేదు. కార్లు, లారీలు, జనం అందరూ తిన్నగా ఎక్కేస్తున్నారు. మా ఆవిడ మెట్ల మీదే ఆగిపోయింది. "దొంగతనంగా ఎక్కుతున్నామేమో, ఈసారైనా అడగండి!" అడిగాను. వెళ్ళేటప్పుడు డబ్బు తీసుకోరు, గోజో నుంచి తిరిగొచ్చేటప్పుడే కట్టాలి. ఎలాగూ తిరిగిరాక తప్పదు కదా అన్న ధీమా కాబోలు. పాతికేళ్ళ సంసారం తర్వాత ఆ ధీమా నాకు బాగా అర్థమైంది.

పాతిక నిమిషాల్లో అసలు ఇమ్జార్ వచ్చింది. అక్కణ్ణుంచి గోజో ముఖ్య పట్టణం విక్టోరియా వెళ్ళాలి. అప్పటికి నేను మారిన మనిషిని. దిగగానే ఒకర్ని, బస్సు దగ్గర ఇద్దర్ని, డ్రైవర్ని, డ్రైవరు వెనక కూర్చున్న ముసలామెనూ వరసగా అడిగాను: "ఇది గోజోనేనా? ఈ బస్సు విక్టోరియా వెళ్తుందా?" ముసలామె తలూపి, "రబాత్, రబాత్" అంది. గుండె జారింది. రబాత్ మాల్టాలో, ఎమ్దీనా పక్కన కదా ఉంది! తీరా చూస్తే విక్టోరియాకి పాత పేరు రబాతేనట. 1887లో ఇంగ్లండు విక్టోరియా రాణిగారి స్వర్ణోత్సవానికి పేరు మార్చారు, ఊరివాళ్ళు ఇంకా రబాత్ అనే అంటారు. అంటే రబాతులు కూడా రెండు. జెబ్బూజ్ అనే ఊరు కూడా రెండుచోట్ల ఉందని మ్యాపులో కనిపించింది. ఆ దేశంలో ఊళ్ళకి పేర్లు పెట్టినవాళ్ళకి ఓపిక తక్కువని తేల్చుకుని, మా ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ పలకలేదు.

సాయంత్రం టికెట్ కొనుక్కుని చిర్కెవ్వాకి తిరిగొచ్చాం. స్టాపులో ఒక జంట, చేతిలో ఫోను, ముఖాల్లో టెన్షన్. "ఇమ్జార్‌కి బస్సు ఇక్కడేనా?" అని నన్నడిగారు.

"ఏ ఇమ్జార్?" అన్నాను, గొంతు సవరించుకుని. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. గుడ్ల సంగతి దగ్గర మొదలుపెడదామని నోరు తెరిచేలోపే మా ఆవిడ ముందుకొచ్చింది.

"ఈయన్ని తప్ప ఎవర్నైనా అడగండి" అని వాళ్ళకి ఇంగ్లిషులో చక్కగా చెప్పింది.